చారెడు కళ్ళ పెద్దమ్మ

వర్క్‌షాపు మేడ మీద గది,
అక్టోబరు మొదట్లో

చెల్లీ,

నీ ఉత్తరం అందింది. చదివాక కవరు మీద అడ్రసు మళ్ళీ చూసుకున్నాను, ఎవరికో రాసింది నాకొచ్చిందేమోనని. ఎన్నడూ లేనిది నా ఆరోగ్యం గురించి అరపేజీ రాశావు. గుండె ఎలా ఉంది, ఆయాసం వస్తోందా, డాక్టరుకి చూపించుకున్నావా అని. నా గుండెకేం, గుండ్రాయిలా ఉంది. పోయింది చెవులే. ఇన్నేళ్ళు పాలిష్ మిషను పక్కన కూర్చుని జనాల కట్టుడుపళ్ళు అరగదీస్తే చెవులుంటాయా? నువ్వు ఫోన్లో మాట్లాడితే సీసాలో ఈగ తిరిగినట్టుంటుందనే కదా ఈ ఉత్తరాల తద్దినం పెట్టుకున్నాం.

నీ కూతురు పిచ్చుక ఆ పెద్ద కాలేజీకి ముందస్తుగా అప్లై చేస్తోందన్నావు. నాకర్థమైంది చెప్తాను, తప్పైతే దిద్దు. అందరికంటే రెండు నెలల ముందే ఒకే ఒక్క కాలేజీకి దరఖాస్తు పెట్టాలి. సీటిస్తే కళ్ళు మూసుకుని చేరతాం, ఇంకో గుమ్మం తొక్కం అని పిల్లా తల్లీ తండ్రీ సంతకాలు పెట్టాలి. వాళ్ళు మాత్రం మనకే మాటా ఇవ్వరు. డిసెంబరులో చెప్తారు. అందాకా మనం నోరు తెరుచుకుని కూర్చోవాలి. పళ్ళ డాక్టరు కుర్చీలో మనుషులూ అలాగే కూర్చుంటారు, కాకపోతే వాళ్ళకి చివర్లో పళ్ళైనా వస్తాయి.

దీనికో కౌన్సిలర్ని కూడా పెట్టారట. ఆ సీట్ల జోస్యుడు చెప్పాడని నా వర్క్‌షాపు పేజీని ఇంటర్నెట్‌లోంచి తీసేయమంటావు. ఆ పేజీలో ఉన్నవి నాలుగు పళ్ళ సెట్లు, నా మొహం. పళ్ళ సెట్లు ఎవరికీ అడ్డురావు, కాబట్టి అభ్యంతరం నా మొహానికే అయ్యుండాలి. పిచ్చుక ఫొటోల కింద నేనేమీ రాయకూడదా? ఎందుకట? సీటు రాకముందే మీ ఆయన ఆ కాలేజీ బొమ్మున్న స్వెట్టర్ కొనుక్కున్నాడట. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

వేసవిలో నా బెంచీ దగ్గర కూర్చుని మైనంలో పళ్ళు గుచ్చుతూ, 'పెద్దమ్మా, కాలేజీ దరఖాస్తుకి పెట్టే వ్యాసం నీ మీదే రాస్తా' అంది అది. రాసిందా? ఒక కాపీ పంపమను.

నీ అక్క

*

తొమ్మిదో అంతస్తు ఫ్లాటు,
అక్టోబరు చివర

అక్కా,

ఎప్పుడూ ఆ వెటకారమేనా? తోబుట్టువు ఆరోగ్యం అడగడం కూడా తప్పేనా? పేజీ తీసేసినందుకు థాంక్స్. కారణం తర్వాత నిదానంగా చెప్తాను.

వ్యాసం చాలా బాగా వచ్చింది. నీ మీదే. చదివితే ఎవరికైనా కళ్ళనీళ్ళు తిరుగుతాయి. మీ మరిది రెండుసార్లు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కాపీ మాత్రం పంపలేను, బయట ఎవరికీ ఇవ్వద్దని కౌన్సిలర్ గట్టిగా చెప్పాడు.

ఇక్కడ పరిస్థితి నీకెలా చెప్పను? లిఫ్టులో ఎవరూ ఎవర్నీ 'ఏ కాలేజీ' అని అడగరు. ఎండ గురించి మాట్లాడుకుంటాం, దిగిపోతాం. పైఫ్లాటావిడ కొడుకు అనాథాశ్రమంలో ఫ్లూటు నేర్పుతున్నాడు, ఫొటోగ్రాఫర్ వచ్చిన రోజుల్లో. అలాంటివాళ్ళతో పోటీ మాది. పిచ్చుక సరిగ్గా తినడం లేదు. అద్దం ముందు నిలబడి ఇంటర్వ్యూ మాటలు వల్లిస్తోంది. నీకూ ఒక పిల్లో పిల్లాడో ఉంటే తెలిసేది ఈ బాధ.

ఇంటర్వ్యూ వచ్చే వారమే. ఆ కాలేజీలో చదువుకున్నాయన ఒకరు చేస్తారు. మా ఊళ్ళోనే పళ్ళ డాక్టరట. ఏమడుగుతాడో ఏమో.

ఈ సెలవులకైనా నీ దగ్గరికి వద్దామనుకున్నాను. ఈసారికీ కుదిరేలా లేదు. ఏమనుకోకు.

నీ చెల్లి

*

వర్క్‌షాపు,
నవంబరు

చెల్లీ,

నేను చచ్చిపోయాను. నీకు తెలిసే ఉంటుంది. అయినా దగ్గరివాళ్ళకి కబురు పెట్టడం మర్యాద కాబట్టి రాస్తున్నాను.

నిన్న పొద్దున వర్క్‌షాపు తలుపు తీసేసరికి ఎదురుగా ఒక పెద్దమనిషి. చేతిలో తెల్లపూల గుత్తి, మొహం నిండా పరామర్శ. ఎవరనుకున్నావు? మీ ఊరి పళ్ళ డాక్టరు. ఆయన రోగుల నోటి అచ్చులు ఏళ్ళ తరబడి నాకు కొరియర్లో వస్తాయి, నేను చేసిన సెట్లు కొరియర్లో వెళ్తాయి. ఒకరి మొహం ఒకరం చూసుకున్న పాపాన పోలేదు. మీ పిచ్చుకని ఇంటర్వ్యూ చేసింది ఈయనేనట! పెద్దమ్మ ప్రతి సెట్టు లోపలా చిన్న ఆకు గుర్తు చెక్కేది అని అది చెప్పగానే, 'ఓహో, మా పళ్ళావిడే' అని గుర్తుపట్టేశాడు. ఏదో పని మీద ఈ ఊరొచ్చి, ఎలాగూ వచ్చాను కదా అని నా చావుకి పూలు తెచ్చాడు.

ఆయన పెదాలు చూస్తూ మాట పట్టుకుంటున్నాను. 'ఇంత పనిమంతురాలు పోయిందంటే నమ్మలేకపోయానండీ' అన్నాడు. నమ్మకం కుదరక మళ్ళీ చెప్పమన్నాను. పాపం, మళ్ళీ చెప్పాడు. నా చావుని రెండుసార్లు చెప్పించుకున్నాను.

'మొన్నొచ్చిన సెట్టులో కూడా ఆకుంది, మరి ఇప్పుడు చేస్తున్నదెవరండీ?' అని అడిగాడు. ఒసేయ్, నిజం నాలుక చివరిదాకా వచ్చింది. ఆ క్షణాన నోరు తెరిస్తే నీ కూతురి సీటు, నీ మొగుడి స్వెట్టరు, నీ జోస్యుడి దుకాణం అన్నీ గంగలో కలిసేవి. కానీ మైనంలో పళ్ళు గుచ్చే ఆ పిల్ల మొహం కళ్ళముందు కదిలింది. 'నేను ఆవిడ చెల్లెల్నండీ, ఇద్దరం ఒకేచోట పని నేర్చుకున్నాం' అన్నాను. అంటే చచ్చింది నేను, మిగిలింది నువ్వు. నీ వేషం చాలా తేలికే, మెడ కాస్త పక్కకి వంచి ప్రతిదానికీ 'ఏం చేస్తామండీ' అంటే సరిపోయింది.

కాఫీ పెట్టిచ్చాను. చచ్చినదాని చేతి కాఫీ బాగుందని రెండో కప్పు కూడా తాగాడు. 'చివర్లో బాధపడ్డారా?' అని అడిగితే ఏం చెప్పను? నిద్రలోనే పోయింది అన్నాను.

ఇప్పుడు నువ్వు చెప్పు. నేను దేంతో పోయాను? నా చావు ఊరందరికీ తెలిసి నాకు తెలియకపోతే ఏం బాగుంటుంది?

అక్క

*

ఫ్లాటు,
నవంబరు

అక్కా,

నిద్రలో అన్నావా! అయ్యో, గుండెపోటు అక్కా. పని చేస్తూ చేస్తూ బెంచీ మీద తల వాల్చేశావు. సరేలే, బెంచీ మీదే నిద్రపోతున్నావని సర్దుకోవచ్చు.

తిట్టు. నీ ఇష్టం వచ్చినట్టు తిట్టు. కానీ ఎలా జరిగిందో విను. పిచ్చుక ముందు రాసిన దాంట్లో నువ్వు బతికే ఉన్నావు. నీ బెంచీ, నీ చెవుడు, నీ తిట్లు, అన్నీ పెట్టింది. కౌన్సిలర్ చదివి, 'బాగుంది, కానీ ఇందులో ఏం జరిగింది? ఒకావిడ ఉంది, పళ్ళు చేస్తోంది. అంతేనా?' అన్నాడు. ఎవర్నో పోగొట్టుకున్న బాధ లేని వ్యాసం వాళ్ళు సగంలోనే పక్కన పెట్టేస్తారట. పిచ్చుక ఒప్పుకోలేదు. తలుపేసుకుని ఏడ్చింది. మీ మరిది గంటసేపు తలుపు బయట కూర్చుని నచ్చజెప్పారు, చివర్లో ఒక్క పేరా మారిస్తే చాలమ్మా, మీ పెద్దమ్మకి ఒంటిమీద గీత కూడా పడదు అని.

నేనూ సరేనన్నాను. తప్పే. కానీ నువ్వెక్కడికీ రావు, ఎవరితోనూ కలవవు. నువ్వున్నావో లేవో కనుక్కోవడానికి ఎవరొస్తారులే అనుకున్నాం. ఆ డాక్టరు నీకు పని పంపేవాడని కలగన్నామా?

డిసెంబరు దాకా ఓర్చుకో అక్కా. సీటొచ్చేస్తే ఇంక ఎవరూ పట్టించుకోరు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

నీ చెల్లి

*

వర్క్‌షాపు,
నవంబరు చివర

చెల్లీ,

కాళ్ళు పట్టుకోవాలంటే ఇక్కడిదాకా రావాలి. వద్దులే, నీకు కుదరదు.

చచ్చినదాని కళ్ళు చారెడు అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. బతికున్నంతకాలం నావి మామూలు కళ్ళే, నీ జోస్యుడికి సగం పేజీకి కూడా పనికిరాలేదు. పోగానే చారెడయ్యాయి. అన్నట్టు, నీ మొగుడు నా బతుక్కి ఒక్కనాడూ కార్డు ముక్క రాసి 'ఎలా ఉన్నారొదినా' అన్న పాపాన పోలేదు. నా చావుకి మాత్రం రెండుసార్లు కళ్ళజోడు తుడిచాడు. ఎంత జాలిగుండె!

పిల్ల ఏడుస్తుంటే తలుపు బయట కూర్చుని గంటసేపు అబద్ధం నేర్పాడంటే, ఆ ఓపికకి దండం పెట్టాలి. ఆ గంట దానికి అన్నం తినిపించి ఉంటే ఒళ్ళైనా చేసేది.

సరే. డిసెంబరు దాకా చచ్చే ఉంటాను. పిచ్చుక కోసం. నీకోసం కాదు, ఆ స్వెట్టర్ కోసం అసలే కాదు. దానికి ఈ సంగతేదీ చెప్పకు, డాక్టరు వచ్చాడని కూడా. ఇప్పటికే సగం తిండి మానేసింది.

అక్క

*

ఫ్లాటు,
డిసెంబరు

అక్కా,

రాలేదు. పోనూ లేదు. ఎలా చెప్పాలో తెలీడం లేదు.

సాయంత్రం ముగ్గురం కంప్యూటర్ ముందు కూర్చున్నాం. మీ మరిది స్వెట్టర్ వేసుకునే కూర్చున్నారు. పిచ్చుక బటన్ నొక్కింది. 'మీ దరఖాస్తును మిగతా అందరితో కలిపి వసంతకాలంలో మళ్ళీ చూస్తాం' అని వచ్చింది. సీటు లేదనలేదు, ఉందనలేదు. ముగ్గురం దాన్నే మళ్ళీ మళ్ళీ చదువుతున్నాం, అంతలో పైఫ్లాటులో కేకలు, గంతులు. మా సీలింగు లైటు ఊగింది. ఫ్లూటు అబ్బాయికి వచ్చేసింది. మీ మరిది లోపలికెళ్ళి స్వెట్టర్ విప్పేసి వచ్చారు.

ఇక మేమిచ్చిన మాట దీంతో రద్దయింది కాబట్టి వేరే కాలేజీలకీ పెట్టుకోవచ్చు. ఎనిమిదింటికి పెడుతున్నాం. కోప్పడకుండా చదువు. అందరికీ ఒకే వ్యాసం పంపితే పాతబడుతుందట. మిగతా ఎనిమిదింటికీ, చెవులు పోయినా పని ఆపని పెద్దమ్మ అని, బతికున్నట్టు రాయిస్తే బాగుంటుందని కౌన్సిలర్ అంటున్నాడు. మొదటి కాలేజీకి మాత్రం వసంతం దాకా నువ్వు అలాగే ఉండాలి. డాక్టరు మళ్ళీ వస్తే కాస్త జాగ్రత్త. ఇంకోటి, మొదటి కాలేజీకి ఈ మధ్యకాలంలో పిల్ల సాధించిన విశేషాలతో చిన్న లేఖ పంపాలట. ఏం విశేషాలు పంపాలో తోచక తలలు పట్టుకున్నాం.

పిచ్చుకని కొన్నాళ్ళు నీ దగ్గరికి పంపుతున్నాను. ఇక్కడ ఎవరితోనూ మాట్లాడటం లేదు.

నీ చెల్లి

*

వర్క్‌షాపు,
జనవరి

చెల్లీ,

బాగుంది. ఒక కాలేజీకి చచ్చి, ఎనిమిది కాలేజీలకి బతకాలి. ఏ వారం ఏ కాలేజీ వాళ్ళు ఈ వీధిలోకి వస్తారో ముందే చెప్తే, తలుపు తియ్యాలో పాడె మీద పడుకోవాలో చూసుకుంటాను. నీ జోస్యుడికి బుర్రలో గుజ్జుందా, నా దగ్గర మిగిలిన మైనముందా?

పిచ్చుకని బస్సెక్కించాను, ఈపాటికి ఇల్లు చేరి ఉంటుంది. వచ్చిన రోజు గుమ్మంలోనే నిలబడిపోయింది. లోపలికి రాదు, నా మొహం చూడదు. 'ఏమే, దయ్యాన్ని చూసినట్టు చూస్తావేం?' అని నోరు జారాను. భోరుమంది. నాకు తెలుసని దానికి అప్పుడే తెలిసింది. ఆ రోజు ఇద్దరం ఆ మాటెత్తలేదు. కడుపునిండా తిని పడుకుంది. తర్వాత రోజునుంచి బెంచీ దగ్గర కూర్చుని పై పళ్ళూ కింది పళ్ళూ జత చేసింది. చెయ్యి కుదురుగా ఉంది దానికి. కుదురు లేనిది మీకే.

నాలుగోనాడు ఆ డాక్టరు మళ్ళీ ఊడిపడ్డాడు, అర్జంటు సెట్టు స్వయంగా పట్టుకెళ్దామని. పిచ్చుకని చూసి గుర్తుపట్టాడు, 'అరె, పిన్ని దగ్గరికొచ్చావా, మంచిపని చేశావు' అని తల నిమిరాడు. అది నావైపు చూసింది. నేను మెడ పక్కకి వంచాను. ఏం చెయ్యను, వేషం కట్టాక ఆడాలి కదా.

సెట్టు పొట్లం కడుతుంటే మాటల్లో అడిగాడు, 'అక్కగారూ మీరూ బాగా దగ్గరగా ఉండేవారా?' అని. నేను నీలా ఆలోచించాను చెల్లీ. నువ్వైతే ఏమంటావా అని. 'ఏం దగ్గరండీ, ఎప్పుడూ రావాలనుకునేదాన్ని, ఎప్పుడూ కుదరలేదు. బతికున్నప్పుడు చూడ్డానికి రాలేకపోయాను' అన్నాను. అని, నిజంగానే ముక్కు చీదాను. ఆయన పాపం తన రుమాలిచ్చాడు.

తలెత్తి చూస్తే పిచ్చుక చేతిలో మైనం నలిగి ముద్దైపోయి ఉంది. ఆయన వెళ్ళాక అడిగింది, 'పెద్దమ్మా, ఇలా ఎన్నిసార్లు చేశావు?' అని. పిచ్చిదానా, నాకిది సరదాగానే ఉందిలే అన్నాను. నమ్మలేదు.

దానితో ఏ లేఖలూ రాయించకండి కొన్నాళ్ళు. తిండి పెట్టండి.

అక్క

*

ఫ్లాటు,
ఫిబ్రవరి

నీకు తృప్తిగా ఉందా అక్కా?

విశేషాల లేఖ పిచ్చుకే రాసుకుని, మాకెవరికీ చూపించకుండా పంపేసింది. నిన్న కాలేజీ నుంచి జవాబొచ్చాక, అడిగితే తీసి చూపించింది. ఉన్నది మూడే ముక్కలు. 'మా పెద్దమ్మ బతికే ఉంది. చనిపోయిందని రాసింది నేనే. మీకు దరఖాస్తు పెట్టిన తర్వాత నేను సాధించిన విశేషం ఇదొక్కటే.'

వాళ్ళు ఫైలు మూసేశారు. మర్యాదగానే రాశారు, వచ్చే ఏడు కూడా పెట్టుకోవద్దని. డాక్టరు మీ మరిదికి ఫోన్ చేసి ఏమేమన్నాడో నేను రాయలేను. కౌన్సిలర్ ఫోన్ ఎత్తడం లేదు. పైఫ్లాటావిడ లిఫ్టులో నన్ను చూసి ఎండ గురించి కూడా మాట్లాడటం మానేసింది.

దాని మొహంలో పశ్చాత్తాపం ఒక్క పిసరు లేదు. కంచం నిండా పెట్టుకుని తింటోంది! మిగతా ఎనిమిదింటికీ తనే రాసుకుంది. నిన్ను చెవిటిదనీ, నోటిదురుసు మనిషివనీ, ఎవర్నీ లెక్కచెయ్యవనీ రాసింది. ఆరు ఇప్పటికే కుదరదన్నాయి. ఇంకా రెండున్నాయి, మార్చి చివర్లో చెప్తాయి.

నువ్వేం నూరిపోశావు దానికి? మేము పన్నెండేళ్ళు కష్టపడి కట్టింది నువ్వు నాలుగు రోజుల్లో కూలగొట్టావు. నీకేం పోయింది? నీకు పోవడానికేముంది?

*

వర్క్‌షాపు,
మార్చి

చెల్లీ,

సంతకం కూడా పెట్టలేదు. పరవాలేదు, నీ కోపం గుర్తుపట్టగలను.

నేను నూరిపోసిందేమీ లేదు. నువ్వు రాయించినంత కాలం రాసింది, నేను ఆడినంతసేపు చూసింది. ఇద్దరం పెద్దవాళ్ళమే, ఇద్దరం సిగ్గు లేకుండా ఆడాం, సిగ్గు దానికి వచ్చింది. ఆ లేఖ చదివి ముందు నేనూ తిట్టుకున్నాను. ఇంకో నెల ఆగితే ఏం పోయేదే, నేను చచ్చే ఉన్నాను కదా అనుకున్నాను. తర్వాత మిషను ఆపేశాను. నాకోసం ఎవరో ఏదో కోల్పోవడానికి సిద్ధపడ్డారు చెల్లీ. నాకిది అలవాటు లేదు.

డాక్టరు నెలరోజులు అచ్చులు పంపలేదు. దొంగ వర్క్‌షాపు అనుకుని ఉంటాడు, అనుకోక ఏం చేస్తాడు! మొన్న ఒక పెట్టె వచ్చింది. లోపల చిన్న చీటీ: 'ఇద్దరిలో ఎవరైనా సరే, ఈ సెట్టు శనివారానికి కావాలి.' మీ కౌన్సిలర్ కంటే వందరెట్లు నయం.

నాకు పోవడానికేముంది అన్నావు. చెప్తాను. నీ వేషంలో ఆయనతో ఆ మాట అన్నానే, బతికున్నప్పుడు చూడ్డానికి రాలేకపోయానని, దానికోసం నేను వెతుక్కోవలసిన పని లేకపోయింది. నోట్లో సిద్ధంగా ఉంది. ఏటా నువ్వు రాసే మాటే కదా, కంఠతా వచ్చేసింది. చచ్చినందుకు నాకు బాధ లేదు. నేను పోయానంటే ముక్కూ మొహం తెలియనివాడు పూలు పట్టుకుని వచ్చాడు. ఉన్నానంటే నువ్వు రావు. అది మాత్రం బాధే. ఇన్నేళ్ళు వెటకారం కింద దాచాను, ఇక చేతకావడం లేదు.

ఆ రెండు కాలేజీల కబురు వచ్చే రోజున కంప్యూటర్ ముందు నీ మొగుణ్ణీ, ఆయన స్వెట్టర్నీ కూర్చోబెట్టు. వస్తే వస్తుంది, రాకపోతే దానికి చెయ్యి ఉంది, బెంచీ ఉంది. పిల్లని తీసుకుని నువ్వు బస్సెక్కు. నీకు దారి గుర్తుండదు. బస్టాండు నుంచి రెండో వీధి, కింద పాలిష్ మిషను మోత వినపడే ఇల్లు. పూలూ గీలూ తేకు, ఆ డాక్టరు తెచ్చినవాటికే నా దగ్గర సరైన సీసా లేకపోయింది.

తలుపు కొట్టకు, నాకు వినపడదు. తోసుకుని వచ్చెయ్.

అక్క